దవడ ఎముకలు కాల్చేయకండి, దాచండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పత్రిక లోపలి పేజీలో చలిదేశాల దుప్పి జాతి రెయిన్‌డీర్ల పాత ఎముకల మీద చిన్న వార్త వేశారు, పక్కన క్రిస్మస్ తాత బండి బొమ్మ పెట్టారు. వేల ఏళ్ళ కిందట ఆ మందలు ఎటు నుంచి ఎటు వలస వెళ్ళేవో ఎముకలు చెబుతున్నాయని రాశారు, అంతే. ఎలా చెబుతాయో ఒక్క ముక్క లేదు. చదివేవాళ్ళకి వచ్చే మొదటి సందేహమే అది కదండీ! నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, పశువుల నోళ్ళు తెరిచి చూడటంతోనే సగం సర్వీసు గడిచింది, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. మన అడవుల్లో చచ్చిన దుప్పుల దవడలు కాల్చకుండా దాచాలన్నదే చివరికి నేను చెప్పేది.

మన సంతల్లో ఎద్దుని కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు. పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, కడపళ్ళు వచ్చేశాయా అని చూసి వయసు కడతాడు. పురావస్తు పరిశోధకులు మొదట చేసేది కూడా అదే. రెయిన్‌డీర్లు దాదాపు అన్నీ మే, జూన్ నెలల్లోనే ఈనుతాయి. కాబట్టి తవ్వకంలో ఒక పిల్ల దవడ దొరికితే, ఏ పన్ను ఎంతవరకు పైకి వచ్చిందో చూసి దానికి ఎన్ని నెలలో చెప్పొచ్చు, ఎన్ని నెలలో తెలిస్తే ఏ కాలంలో వేటాడారో కూడా తెలిసిపోతుంది. పారిస్‌కి దగ్గర్లో సెన్ నది ఒడ్డున పాన్స్‌వాన్ అనే చోట 1964లో బయటపడిన పాతరాతియుగపు మకాం ఉంది, అక్కడి వేట చలికాలం ముంచుకొచ్చే ముందు, మందలు దిగివచ్చే సమయంలో జరిగిందని ఈ లెక్కతోనే తేల్చారు. అక్కడ ఒకే జంతువు ఎముకలు వేర్వేరు పొయ్యిల దగ్గర దొరికాయి, అంటే మాంసం పంచుకున్నారన్నమాట. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

కొమ్ముల సంగతి ఇంకా బాగుంటుంది. మన చుక్కల దుప్పుల్లో మగవాటికే కొమ్ములు, రెయిన్‌డీర్లలో ఆడవాటికీ ఉంటాయి. మగవి ఎదకాలం అయిపోయాక చలికాలం మొదట్లో రాల్చేస్తాయి, చూలు ఆడవి మాత్రం ఈనే సమయం దాకా ఉంచుకుని అప్పుడు రాలుస్తాయి. అందువల్ల ఆడ కొమ్ములు నేల మీద గుట్టలుగా పడి ఉన్న చోటు ఈనిన చోటే అని తెలుస్తుంది. అలాస్కా ఉత్తరపు చలికి ఆ కొమ్ములు వందల, ఒక్కోసారి వేల ఏళ్ళు నేల మీదే పడి ఉంటాయి. సిన్సినాటి యూనివర్సిటీకి చెందిన జాషువా మిల్లర్ బృందం వాటిని ఏరి కాలం కట్టి చూస్తే, మందలు అదే మైదానానికి దాదాపు మూడు వేల ఏళ్ళుగా ఈనడానికి వస్తున్నాయని తేలింది. ఆ మైదానం కింద చమురు తవ్వాలా వద్దా అని అమెరికాలో ఏళ్ళ తరబడి గొడవ నడుస్తోంది, ఆ గొడవలో ఈ కొమ్ములు కూడా సాక్ష్యమే.

ఇక అసలు విషయం, దారి ఎలా తెలుస్తుంది? స్ట్రాన్షియం అనే మూలకం రాళ్ళలో ఉంటుంది. అందులో 87, 86 అనే రెండు రకాల మధ్య నిష్పత్తి రాయిని బట్టి మారుతుంది, బాగా పాత గ్రానైట్లలో ఎక్కువ, అగ్నిపర్వతం నుంచి వచ్చిన నల్లరాయిలో తక్కువ. రాయి నుంచి మట్టికి, మట్టి నుంచి గడ్డికి, గడ్డి నుంచి పశువు పంటికి అది ఏమాత్రం మారకుండా చేరుతుంది. ఎముక జీవితమంతా అరుగుతూ కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది, పంటి మీది ఎనామిల్ అలా కాదు, ఒకసారి గట్టిపడ్డాక ఇక మారదు. పైగా అది పంటి కొన నుంచి చిగురు వైపు నెలల తరబడి పెరుగుతూ వస్తుంది. అంటే ఒక్క దవడపన్ను మీద కొన దగ్గర ఒక కాలపు మేత, చిగురు దగ్గర ఇంకో కాలపు మేత నమోదై ఉంటాయి. పరిశోధకులు పంటి పైభాగం శుభ్రంగా గీకి, డెంటిస్టు దగ్గర ఉండేలాంటి సన్న డ్రిల్లుతో అడ్డంగా గీతలు గీసినట్టు వరసగా పొడి తీస్తారు, ఒక్కో గీత నుంచి వచ్చేది కొన్ని మిల్లీగ్రాములే, దాన్ని యాసిడ్‌లో కరిగించి మెషిన్లో పెడతారు. గీత గీతకీ అంకె మారుతూ పోయి మళ్ళీ మొదటికి వచ్చిందంటే ఆ జంతువు వేరే రాతినేలకి వెళ్ళి తిరిగొచ్చిందని అర్థం. అవే గీతల్లో ఆక్సిజన్ రకాల నిష్పత్తి కూడా చూస్తే ఎండాకాలం ఏదో చలికాలం ఏదో తెలుస్తుంది.

కేట్ బ్రిటన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2011లో ఫ్రాన్స్‌లోని జోన్‌జాక్ అనే చోట నియాండర్తల్ మనుషులు (యూరప్‌లో బతికి అంతరించిన పాత మానవజాతి) తిని పారేసిన రెయిన్‌డీర్ పళ్ళను ఇలాగే చూశారు. రెయిన్‌డీర్ల అంకెలు వలస చూపించాయి, అదే చోట దొరికిన అడవిదున్న పన్ను మాత్రం ఎక్కడికీ కదల్లేదని చెప్పింది. రెయిన్‌డీర్లన్నీ ఇంచుమించు ఒకే తీరున తిరిగినట్టు కనిపించాయి. అంటే నియాండర్తల్ మనుషులు మంద వచ్చే దారీ వేళా తెలిసి కాపు కాశారని అనుకోవచ్చు. వాళ్ళని మొద్దు మనుషులనే మాట ఇకనైనా మానాలి.

ఈ పద్ధతి నమ్మొచ్చా అని ఆమె ముందే పరీక్షించారు, ఎక్కడెక్కడ తిరుగుతాయో బాగా తెలిసిన అలాస్కా మందల పళ్ళ మీద 2009లో చేసి చూపించారు. నేను పట్టుకున్నది ఈ ముక్కనే. ఊరూ పేరూ తెలిసిన ఇప్పటి పళ్ళు చేతిలో ఉంటేనే వేల ఏళ్ళ నాటి పళ్ళు మాట్లాడతాయి. మన దగ్గర అవి ఏవి?

పాత ఎముకలకి మనకి కరువు లేదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1880ల్లోనే బోలెడన్ని జంతువుల ఎముకలు తవ్వి తీశారు. మన ఉత్తరాంధ్ర ఎర్రమట్టిలో, ఈ తేమలో ఎముక నిలవడం కష్టం, సున్నపురాతి గుహల్లో మాత్రం నిలుస్తుంది. రాళ్ళలో తేడాలకీ కొదవ లేదు, విశాఖ కొండలు ఖోండలైటు, రాయలసీమలో కడప రాళ్ళు, ఇటు తెలంగాణ పడమర అంచున నల్లరాయి. ఆ గుహల్లో దొరికిన జింకలు, పశువులు ఎక్కడ మేసి ఎక్కడికి వచ్చాయో తెలుసుకోవచ్చు, కాకపోతే ముందు ఏ ప్రాంతపు గడ్డి, ఏ ప్రాంతపు పన్ను ఏ అంకె ఇస్తుందో పట్టిక ఉండాలి. దానికి విశాఖ మంచి చోటు. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు తుంపర వల్ల తీరంలోని గడ్డికి సముద్రపు స్ట్రాన్షియం కూడా అంటుతుంది, కాబట్టి తీరం పక్కనే ఉన్న కంబాలకొండ దుప్పి పన్నుకీ అరకు వైపు అడవి దుప్పి పన్నుకీ తేడా ఉండాలి, చూడాలి. బీచ్‌కి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, సముద్రమంతా ఆ అంకె ఒకటే.

అడవిలోనో రోడ్డు మీదో దుప్పి చనిపోతే పోస్టుమార్టం చేసి కాల్చేయడమో పూడ్చేయడమో జరుగుతుంది. దవడ తీసి దాచిన సందర్భం నా సర్వీసులో నేను చూడలేదు. మామూలు మనిషి దాచుకోవడానికి లేదు, రాలిన కొమ్ము ఇంట్లో పెట్టుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే, అది సరైనదే కూడా. కాబట్టి చేయాల్సింది ప్రభుత్వమే. అటవీ శాఖ ఒక దవడ, ఒక కాలి ఎముక తీసి, ఎక్కడ చచ్చింది, ఏ తేదీ, ఆడా మగా అని చీటీ కట్టి ఆంధ్రా యూనివర్సిటీకి ఇస్తే చాలు. జియాలజీ, జువాలజీ, ఆంత్రోపాలజీ మూడూ అక్కడే ఉన్నాయి. ఖర్చు బీరువాలకీ అట్టపెట్టెలకే. జూలో పుట్టి పెరిగిన జంతువులు దీనికి అంతగా పనికిరావు, వాటి మేత బయటినుంచి వస్తుంది కాబట్టి, అయినా వయసు కట్టడం పిల్లలకి నేర్పడానికి అవి కూడా కావాలి.

జర్మనీలో హాంబర్గ్ దగ్గర స్టెల్‌మోర్ అనే చోట 1930ల్లో ఆల్‌ఫ్రెడ్ రుస్ట్ తవ్వితే వేల రెయిన్‌డీర్ ఎముకలు, పైన్ చెక్కతో చేసిన బాణాలు దొరికాయి. బాణాలు రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. ఎముకలు మిగిలాయి, వాటి మీది బాణపు దెబ్బల్ని తర్వాతి తరంవాళ్ళు మళ్ళీ చూసి వేట ఎలా సాగిందో చెప్పగలిగారు. రుస్ట్ తవ్విన రోజుల్లో పాత ఎముకల వయసు కట్టే కార్బన్ డేటింగ్ కూడా లేదు. దాచి ఉంచితే తర్వాత వచ్చే పద్ధతులకి అవి పనికొస్తాయన్నమాట.

మీకు ఒక విన్నపం. బేతంచెర్ల చుట్టూ బండల క్వారీలు నడుస్తున్నాయి, గుహలున్నదీ ఆ సున్నపురాతిలోనే. ఎముకలు కనిపిస్తే కదపొద్దు, కడగొద్దు, చోటు గుర్తుపెట్టుకుని తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి అని మీ కర్నూలు, నంద్యాల ఎడిషన్లలో పెద్ద అక్షరాలతో వేయండి. క్వారీ కూలీలు చదివేలా, ఫోన్ నంబరు సహా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం