గాల్లో గంటంపావు, వరుసల్లో ఆరు గంటలు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో లండన్ నుంచి పారిస్ వెళ్లే దారుల మీద వేసిన పట్టిక చూశాను. విమానం గంటా పదిహేను నిమిషాలు, రైలు రెండు గంటల ఇరవై నిమిషాలు, బస్సు తొమ్మిది గంటలు అని మూడు గళ్లు గీసి, టైం కలిసిరావాలంటే విమానమే మేలని కింద ఒక ముక్క రాశారు. ఆ ముక్క మీదే నా అభ్యంతరం. నేను విజయవాడ డివిజన్‌లో ముప్పై నాలుగేళ్లు గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు నిలబడిందో రాసుకోవడం ఉద్యోగం వదిలినా నన్ను వదలని జబ్బు. 2025 మే నెలలో మా ఆవిడా నేనూ లండన్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు పారిస్ వెళ్లొచ్చాం. పోయేటప్పుడు రైల్లో, వచ్చేటప్పుడు విమానంలో. లండన్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు రాత్రి బస్సులో వచ్చి అక్కడ మాతో కలిశాడు. అంటే మీ మూడు గళ్లూ మా ఇంట్లోనే నిండాయి. నోట్‌బుక్ నా దగ్గరే ఉంది.

ముందే ఒక మాట చెప్పాలి. మా అమ్మాయి ఇల్లు హౌన్స్‌లోలో. అక్కడి నుంచి ట్యూబు రైల్లో నాలుగైదు స్టేషన్లు దాటితే హీత్రూ. ఇంటి మిద్దె మీద నిలబడితే విమానం పొట్ట కనిపిస్తుంది. కాబట్టి నేను రైల్వేవాణ్ణి గనక రైలు వైపు త్రాసు వంచుతున్నానని అనుకోకండి. మేమున్న చోటే విమానానికి అనుకూలమైన చోటు.

పోయిన రోజు ఉదయం 7.20కి ఇంటి తలుపు వేశాం. పికడిలీ లైను బండి ఎక్కితే మారే పని లేకుండా కింగ్స్ క్రాస్‌లో దించింది, 8.25కి. యూరోస్టార్ అనే పారిస్ రైలు బయల్దేరే సెయింట్ పాంక్రాస్ స్టేషన్ దాని పక్కనే. అక్కడ బెంచీ మీద కూర్చుని మా ఆవిడ పెరుగన్నం డబ్బా తీసింది. ఆకలేసి కాదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక పాలు, మాంసం కలిసిన తిండి అటు తీసుకెళ్లకూడదు. ఆ సంగతి అల్లుడు ముందు రోజు రాత్రి చెప్పాడు, అప్పటికే అన్నం కలిపేసింది. పారేయడానికి మనసొప్పక ఇద్దరం పొద్దున్నే ఎనిమిదిన్నరకు, సూట్లూ బూట్లూ వేసుకుని పరిగెత్తే జనం మధ్య, నిమ్మళంగా పెరుగన్నం తిన్నాం. పులిహోరకు అభ్యంతరం లేదు, అది మాతో పారిస్ వచ్చింది.

తొమ్మిదింటికి గేటు దాటాం. ఎక్స్‌రే అయ్యాక నాలుగడుగుల్లో ఫ్రాన్స్ పోలీసులు కూర్చునుంటారు. ఫ్రాన్స్‌లోకి అడుగుపెట్టినట్టు ముద్ర లండన్ నేల మీదే పడిపోయింది. రెండు దేశాలూ అలా ఒప్పందం చేసుకున్నాయి. పారిస్‌లో దిగాక ఇక అడిగేవాడు లేడు, సికింద్రాబాద్‌లో దిగినట్టు పెట్టె లాక్కుంటూ బయటికి నడవడమే. ఈ ఒక్క ఏర్పాటు విలువ మీ పట్టికలో ఎక్కడా లేదు.

బండి పదిన్నరకు కదిలింది. కదిలేటప్పుడు గడియారం చూశాను, రైట్ టైం. పదహారు బోగీలు, నాలుగు వందల మీటర్ల పొడవు. పైన తీగలో పారేది మన దగ్గరిలాగే 25 వేల వోల్టుల కరెంటు. ఇంగ్లండ్ వైపు కొత్త లైను పూర్తయింది 2007లో. అంతకు ముందు ఈ బండ్లు కెంట్ జిల్లాలో పట్టా పక్కన వేసిన మూడో పట్టా నుంచి 750 వోల్టులు తీసుకుంటూ లోకల్ బండ్ల వెనక పాకేవి. అప్పుడు మొత్తం ప్రయాణం మూడు గంటలు. ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య సముద్రం కింది సొరంగం తెరిచే రోజుల్లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు మితెరా ఈ నడక మీద ఒక చమత్కారం విసిరారు: ప్రయాణికులు ఫ్రాన్స్ మైదానాలు దూసుకుంటూ దాటి, ఇంగ్లండ్‌లోకి వచ్చాక పల్లెల అందం తీరిగ్గా చూసుకోవచ్చునని. సొరంగం 50 కిలోమీటర్ల పైచిలుకు, అందులో 38 కిలోమీటర్ల దాకా సముద్రం కిందే. లోపల వేగం గంటకు 160 దాటనివ్వరు. ఇరవై నిమిషాలు కిటికీలో మన మొహమే మనకు కనిపిస్తుంది. మా ఆవిడ 'సముద్రం ఏదండీ' అని రెండుసార్లు అడిగింది. 'నెత్తిమీదుంది' అన్నాను. నమ్మలేదు.

అవతల తేలగానే 300 అందుకుంది. ఒక తమాషా చూశాను. ఫ్రాన్స్‌లో రోడ్ల మీద కార్లు కుడివైపు పోతాయి, రైళ్లు మాత్రం మనలాగే ఎడమ లైను మీద నడుస్తాయి. తొలినాటి రైలు పని ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చుకున్న గుర్తు అది. పారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద కాలుపెట్టినప్పుడు అక్కడి టైం 1.50, లండన్ టైం 12.50. హోటలు నడిచేంత దూరం. గది తాళం చేతికొచ్చేసరికి లండన్ లెక్కలో 1.10. గడప నుంచి గడపకు 5 గంటల 50 నిమిషాలు.

ఇక వాపసు. ఆదివారం రైలుకు టికెట్టు మనిషికి నూట డెబ్బై పౌండ్లు పలుకుతోందని అల్లుడు విమానం బుక్ చేశాడు. పోయేటప్పుడు రెండు నెలల ముందు తీసుకున్నాం గనక రైలు 59కే దొరికింది. విమానం 46. చౌక అనిపించిందా? పెట్టెకు 32 విడిగా కట్టాం. పారిస్ నుంచి విమానాశ్రయానికి వెళ్లే లోకల్ రైలుకు 2025లో మనిషికి 13 యూరోలు తీసుకునేవాళ్లు. అన్నీ కూడితే మనిషికి తొంభై పౌండ్ల దాకా తేలింది. రైల్లో పెట్టె తూచేవాడే లేడు. మనిషికి రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతిసంచి టికెట్టులోనే కలిసి ఉన్నాయి.

మధ్యాహ్నం 12.50కి హోటలు వదిలాం. 1.45కి విమానాశ్రయం. 4.40 విమానం 5.25కి లేచింది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, మన బండ్లూ ఆలస్యమవుతాయి, నాకు తెలియనిదా. కానీ అంతకు ముందే తనిఖీ దగ్గర మా ఆవిడ చేతిసంచిలోంచి ఆవకాయ సీసా బయటపడింది. పెట్టెలో పెడితే నూనె కారి చీరలు పాడవుతాయని చేతిసంచిలో పెట్టుకుంది. అప్పుడు అక్కడ విమానంలోకి ద్రవాలు, ముద్దలాంటివి వంద మిల్లీలీటర్లు దాటనిచ్చేవాళ్లు కాదు, పచ్చడీ ఆ లెక్కలోకే వచ్చింది. తప్పు మాదే. అదే సీసా పోయేటప్పుడు రైలు తనిఖీలో ఎవరూ ముట్టుకోకుండా దాటింది, అక్కడ ఆ వంద లెక్క లేదు. సగం ఖాళీ అయిన సీసానే అయినా, మా అత్తగారి ఊరు నుంచి వచ్చిన కారం. లండన్ చేరేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

గాల్లో ఉన్నది సరిగ్గా మీరు రాసినట్టే గంటంపావు. దిగాక పాస్‌పోర్టు వరుస యాభై అయిదు నిమిషాలు. ఆ వేళకు పెద్ద విమానాలు వరుసగా దిగాయి, ఎవరినీ అనేది లేదు. యంత్రం ముందు మొహం పెట్టి దాటిపోయే గేట్లు బ్రిటన్, యూరప్, అమెరికా, జపాన్ లాంటి కొన్ని దేశాలవాళ్లకే. మన పాస్‌పోర్టుకు మనిషి ముందు నిలబడాల్సిందే. రైల్లో తిరిగొస్తే ఈ పని పారిస్ స్టేషన్‌లోనే అయిపోయేది, అక్కడ బ్రిటన్ అధికారులు కూర్చుంటారు. ఇల్లు చేరేసరికి లండన్ టైం రాత్రి 7.15, పారిస్ లెక్కలో 8.15. మొత్తం 7 గంటల 25 నిమిషాలు. ఆలస్యమైన ముప్పావుగంట తీసేసినా రైలు కంటే యాభై నిమిషాలు ఎక్కువ, అదీ విమానాశ్రయం పక్కనున్న ఇంటికి. తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు మనవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లు లెక్కేసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది.

బస్సు సంగతి మా పిల్లాడి మాటల్లోనే చెప్పాలి. 'పెదనాన్నా, నాకు 28 పౌండ్లు. రాత్రి హోటలు ఖర్చు కూడా మిగిలింది' అన్నాడు, కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని. విక్టోరియా బస్ స్టేషన్‌లో రాత్రి 9.30కి ఎక్కాడు. డోవర్ రేవులో అర్ధరాత్రి దాటాక లేపి, చలిలో పాస్‌పోర్టులు పట్టుకుని దిగమన్నారు. తర్వాత బస్సు ఓడలోకి ఎక్కింది. ఓడ నడుస్తున్నంతసేపూ బస్సులో కూర్చోనివ్వరు, అందరూ పైకి వెళ్లాలి. గంటన్నర సముద్రం దాటితే ఫ్రాన్స్‌లోని కలే రేవు. మళ్లీ బస్సు. పారిస్‌లో బెర్సీ దగ్గర దిగేసరికి పొద్దున 7.50. కొన్ని బస్సులు ఓడ బదులు సొరంగం రైలు మీదకెక్కుతాయి, అప్పుడు 35 నిమిషాలు సీట్లోంచి లేవనక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు అది కనుక్కోవాలని వాడికిప్పుడు తెలిసింది. ఇరవై మూడేళ్లవాడికి బస్సు తప్పని నేననను. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ లాంటివాళ్లను ఆ దారిన పంపవద్దు.

నాలుగో దారి మీరు అసలు రాయలేదు. ఇంగ్లండ్‌లోని న్యూహేవెన్ నుంచి ఫ్రాన్స్‌లోని దియెప్‌కు ఓడ ఉంది, నాలుగు గంటలు. రెండు వైపులా రైళ్లు. తొందర లేనివాళ్లకు, సైకిళ్లవాళ్లకు అది బాగుంటుందట, నేను పోలేదు. ఓడ అంటే గుర్తొచ్చింది: 1936 నుంచి 1980 దాకా 'నైట్ ఫెర్రీ' అనే బండి ఉండేది. లండన్‌లో పడుకున్నవాడు పారిస్‌లో లేచేవాడు. స్లీపర్ బోగీలను బోగీలుగానే ఓడలోకి తోసి, లోపల గొలుసులతో కట్టి, డోవర్ నుంచి డన్‌కిర్క్ చేర్చేవాళ్లు. మద్రాసు నుంచి సిలోన్ వెళ్లేవాళ్లు ఎక్కిన మన బోట్ మెయిల్‌లో ఆ భోగం లేదు, ధనుష్కోటిలో దిగి ఓడ ఎక్కాల్సిందే. 1964 తుఫానుతో ఆ ధనుష్కోటి లైనూ పోయింది.

రైలుకు లోపం లేదని చెప్పను. సొరంగం గుండా ఊరి నుంచి ఊరికి ప్రయాణికుల రైళ్లు నడిపేది 1994 నుంచీ యూరోస్టార్ ఒక్కటే. పోటీ లేని చోట చివరి నిమిషం టికెట్టు ధర ఎలా ఉంటుందో మనకు సంక్రాంతి ప్రైవేటు బస్సులు నేర్పాయి. 2025 అక్టోబరులో వర్జిన్ కంపెనీకి లండన్‌లోని డిపో వాడుకునే అనుమతి వచ్చింది. బండి నడిచినప్పుడు చూద్దాం. ఇంకోటి, ఫ్రాన్స్ 2021లో చట్టం తెచ్చి, 2023లో దాన్ని అమల్లో పెట్టి, రెండున్నర గంటల్లోపు రైలున్న దేశీయ దారుల్లో కొన్ని విమానాలు ఆపేసింది. లండన్ వేరే దేశం కాబట్టి ఆ చట్టం దీనికి తగలదు. తగిలుంటే మీ పట్టికలో మొదటి గడే ఉండేది కాదేమో.

వీసా గురించి ఒక్క వాక్యమైనా రాయాల్సింది. బ్రిటన్ వీసా ఉంటే పారిస్ పోవచ్చని మన పెద్దవాళ్లు చాలామంది అనుకుంటారు. రైలైనా బస్సైనా విమానమైనా ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా వేరే కావాలి, 2024 జూన్ నుంచి దాని రుసుము 90 యూరోలు. హైదరాబాద్‌లోనే తీసుకుని బయల్దేరడం మేలు. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు తీసే కొత్త పద్ధతి మొదలైంది. స్టేషన్‌కు మేము వెళ్లినదానికంటే ముందే వెళ్లండి.

మీకు నా మనవి ఒకటే. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు దారి 508 కిలోమీటర్లు, లండన్–పారిస్ 492. రేపు అది నడిచినప్పుడు మీరు మళ్లీ ఇలాంటి పట్టికే వేస్తారు. అప్పుడు ఇంటి తలుపు వేసినప్పటి నుంచి గది తాళం తీసేదాకా ఎంతో ఇంకో గడి గీయండి.

మా వియ్యంకుడుగారు వచ్చే నెల లండన్ వెళ్తున్నారు. మీ పట్టిక కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. నిన్న వచ్చినప్పుడు దాని వెనక నా లెక్క పెన్నుతో రాసిచ్చాను. పెరుగన్నం సంగతి మా ఆవిడ వియ్యపురాలికి ఫోన్‌లో విడిగా చెప్పింది.

— ఒక రిటైర్డు గార్డు, సత్యనారాయణపురం, విజయవాడ