ఎదిగే రాష్ట్రంలో ముసలివాళ్లే మిగిలిన ఊళ్లు

సంపాదకులకు నమస్కారం.

బడ్జెట్ రోజులు రాగానే తలసరి ఆదాయంలో తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉందని మీ పత్రికతో సహా అన్నిట్లో వస్తుంది. 2024-25కి ఆ లెక్క మనిషికి 3.79 లక్షల రూపాయలు. అది అబద్ధమని నేను అనను. కానీ 2016లో జిల్లాలు విడదీసేదాకా కలిసే ఉన్న రంగారెడ్డి, వికారాబాద్‌లనే చూడండి. ఒకటి తలసరి ఆదాయంలో అందరికంటే పైన ఉంది, రెండోది బాగా వెనకబడింది. సగటు చెప్పని సంగతులు ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువ బాధపెడుతున్నది వయసు. రాష్ట్రం ఎంత సంపాదిస్తోందో ఏటా చూసుకుంటున్నాం గానీ, ఊళ్లకు ఎంత వయసు మీద పడుతోందో చూసుకోవడం లేదు.

నేను జగిత్యాల జిల్లాలో ఒక పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్క ఒకటో తరగతిలోనే నలభై మంది. గది చాలక సగం మందిని వరండాలో కూర్చోబెట్టేవాణ్ని. ఇప్పుడు అయిదు తరగతులూ కలిపినా పదిహేను మంది లేరు, రెండు గదులకు తాళం వేశారు. పొద్దున్నే ప్రైవేటు స్కూలు వ్యాన్లు ఎక్కే పిల్లలు ఉన్నారు, నిజమే. వాళ్లను కలుపుకున్నా పాత లెక్కలో సగం రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. తరం తర్వాత తరం జనాభా నిలబడాలంటే 2.1 ఉండాలి.

పుట్టినవాళ్లయినా పెద్దయ్యాక ఊళ్లో ఉంటున్నారా అంటే అదీ లేదు. మా వైపు నుంచి దుబాయ్, మస్కట్ పోవడం ఎప్పటినుంచో ఉన్నదే. చదువుకున్నవాళ్లు హైదరాబాద్ పోతున్నారు. వానాకాలం నాట్లకు బీహార్ నుంచి మగవాళ్లు గుంపులుగా వచ్చి, ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుని వేసి పోతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో మే 1న, వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది హైదరాబాద్ దగ్గరి మన లింగంపల్లి నుంచే జార్ఖండ్ కూలీలతో బయల్దేరింది. వారం తిరిగేసరికి, మన రైసు మిల్లుల్లో పనికి బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలను తీసుకుని ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. మన వడ్లు ఎవరి చేతుల మీద నడుస్తున్నాయో ఆ రెండు రైళ్లు చెప్పాయి. వచ్చినవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లు లేకపోతే మా పొలాలు బీళ్లే.

నిరుడు మా పక్కింటి అవ్వ బాత్రూంలో జారి పడింది. పెద్దకొడుకు గల్ఫ్‌లో, చిన్నకొడుకు హైదరాబాద్‌లో. పాలు పోయడానికి వచ్చినావిడ చూసి కేకేస్తే మేం పరుగెత్తాం. 108 తొందరగానే వచ్చింది. ఆస్పత్రిలో మాత్రం, ‘పేషెంట్ వెంట ఎవరున్నారు?’ అన్నదే మొదటి ప్రశ్న. నేనే ఉన్నానన్నాను. నాకూ అరవై ఎనిమిదేళ్లు. ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోయడం, మందులకు లైన్లో నిలబడటం, రాత్రి బెంచీ మీద పడుకోవడం, అన్నీ నావల్ల అయినంత చేశాను. పెద్దబ్బాయి వీడియో కాల్‌లో ఏడుస్తూనే ఉన్నాడు. డబ్బు పంపాడు, మనిషిని పంపలేకపోయాడు.

ఎక్కువ మంది పిల్లల్ని కనండని 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు అన్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను అక్కడ ఆ ఏడాదే ఎత్తేశారు. జనాభాను బట్టి పార్లమెంటు సీట్లు మళ్లీ పంచితే మన దక్షిణాది వాటా తగ్గుతుందన్న భయం కూడా ఇలాంటి మాటల వెనక ఉందని తెలుసు. ఆ భయం న్యాయమైనదే. కానీ ఈ రోజు పుట్టిన బిడ్డ సంపాదనకు రావాలంటే ఇరవై ఏళ్లు పైన పడుతుంది. అవ్వలు, తాతలు ఇప్పుడే ఉన్నారు.

వాళ్ల కోసం చట్టం లేదా అంటే ఉంది. తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. జిల్లాకు ఒకటితో మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను రాష్ట్రం పెట్టవచ్చని, ప్రభుత్వ ఆస్పత్రుల్లో వృద్ధులకు వేరే లైను ఉండాలని అందులో రాసుంది. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఎనభై ఏళ్లలోపు వాళ్లకు నెలకు 200 రూపాయలు. 2007 నుంచీ అంతే. ఈ మధ్య కాలంలో ఏ వస్తువు ధర అలా నిలబడి ఉంది?

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులగణనలో 3.54 కోట్ల మంది వివరాలు రాసుకున్నారు. మా ఇంటికి వచ్చినప్పుడు వయసులు కూడా అడిగారు. కులాల లెక్క బయటికి వచ్చింది. ఏ ఊళ్లో ఎంతమంది ముసలివాళ్లు ఒంటరిగా ఉంటున్నారో ఆ కాగితాల్లోంచే తీసి పంచాయతీలకు ఇవ్వండి. 2027 జనగణన దాకా ఆగక్కర్లేదు. ఆ ఇళ్లకు ఊరి నర్సమ్మ (ఏఎన్ఎం) నెలకు రెండుసార్లు వెళ్లి బీపీ, షుగర్ చూడాలి. వెంట ఎవరూ లేకుండా ఆస్పత్రికి వచ్చే వృద్ధులకు జీతం ఇచ్చి ఒక సహాయకుణ్ని పెట్టాలి. పగటిపూట నలుగురూ కూర్చుని ఒక పూట వేడిగా తినడానికి చోటు కావాలంటే, మా బడిలో తాళం వేసిన ఆ రెండు గదులు ఉన్నాయి.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా