మా మామగారు ఆ జోకుకు నవ్వలేదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: వడపళనిలో షూటింగ్ జరిగిన మీ వ్యంగ్య హాస్య కార్యక్రమంలోంచి మా మామగారి షాట్ తీసేయడం గురించి.

అయ్యా,

మీ కార్యక్రమం మా ఇంట్లో అందరం చూస్తాం. చెన్నైలో షూటింగ్ అని ప్రకటించగానే మామగారి హడావుడి చూడాలి. తెలుగు సినిమా అంతా కోడంబాక్కం, వడపళని చుట్టూ తిరిగిన రోజుల్లో వాహినీ స్టూడియో గేటు బయట పడిగాపులు కాసిన మనిషాయన. ఏదో ఒక స్టూడియో లోపలికి అడుగుపెట్టే యోగం డెబ్బై దాటాక మీ పుణ్యమా అని పట్టింది.

నాలుగింటికి రమ్మని ఏడు దాటాక మొదలుపెట్టారు. సీట్లకు మించి పాసులిచ్చి కొందర్ని గేటు దగ్గరే వెనక్కి పంపారు. హాలు ఖాళీగా కనిపించకూడదని అందరూ చేసే పనే అట, సరే. ఏసీకి వణుకుతుంటే, లైట్ల వేడికి అంత చలి ఉండాల్సిందే అన్నాడు మీ కుర్రాడు. అదీ సరే. వీటికోసమైతే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

యాంకర్ ఇంకా రాలేదు, స్టేజీ మీద పురుగు లేదు. హెడ్‌సెట్ పెట్టుకున్న ఫ్లోర్ మేనేజర్ వచ్చి "ముందు మీ రియాక్షన్లు తీసేసుకుందాం" అన్నాడు. చిన్న నవ్వు, పెద్ద నవ్వు, పొట్ట పట్టుకుని నవ్వు, తర్వాత చప్పట్లు. దేనికది విడిగా. జోకు లేకుండా ఎలా నవ్వాలో తెలియక మామగారు దిక్కులు చూస్తుంటే, "తాతగారూ, పళ్లు కనపడాలి" అంటూ కెమెరా ఆయన మొహం మీదికే తెచ్చారు. కట్టుడు పళ్లు ఎక్కడ జారతాయోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాపం పెద్దాయన నవ్వారు. అప్పుడాయన కండువా భుజం మీద ఉంది. షో మొదలయ్యేసరికి చలికి చెవుల చుట్టూ బిగించి కట్టుకున్నారు, చివరిదాకా విప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత రేషన్ షాపుల్లో పంచిన 6,000 రూపాయల కోసం క్యూ కట్టినవాళ్ల మీద మీ కమెడియన్ ఒక జోకు వేశాడు. మునిగిపోతున్నవాళ్లకి నోటు చూపిస్తే ఈతొచ్చేసిందట. హాల్లో నలుగురు కూడా నవ్వలేదు. వ్యంగ్య నాటకాల చో రామస్వామి స్టేజీ ఎక్కి అధికారంలో ఉన్నవాళ్లను ఏడిపించిన ఊరిది; నీళ్లలో ఇల్లు వదిలి వచ్చినవాళ్లను ఏడిపించడానికి సెట్టూ లైట్లూ ఎందుకు? టీవీలో చూస్తే ఆ జోకు వెనకాలే మా మామగారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కండువా భుజం మీద వేసుకుని! ముందు షాట్‌లో చెవులకున్న కండువా రెప్పపాటులో భుజం మీదికెలా వచ్చిందో మీ ఎడిటర్‌నే అడగండి.

మాది వేళచ్చేరి. మా కింది ఇళ్లు మునిగాయి. ఆ క్యూలో మామగారూ నిలబడ్డారు, పక్కింటావిడతో పాటు. ఎపిసోడ్ వచ్చిన మర్నాడు ఆవిడ "బాగా నవ్వొచ్చినట్టుందే అన్నయ్యగారూ" అని లోపలికి వెళ్లిపోయింది. ఈయన సాయంత్రం పార్కుకు వెళ్లడం మానేశారు.

అదే ఎపిసోడ్‌లో, మీటింగులకు లారీల్లో జనాన్ని తోలుకొచ్చి బిరియానీ పెట్టే నాయకుల మీద స్కిట్ ఉంది. మా ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లను కోఆర్డినేటర్ రోజు కూలికి తీసుకొచ్చాడు. విరామంలో వాళ్లకు బిరియానీ పొట్లాలే పంచారు. వాళ్ల పొట్టకూటిని నేను తప్పుబట్టను. కానీ ఆ రాత్రి నాకు నిజంగా నవ్వొచ్చింది అక్కడే. అప్పుడు కెమెరా మావైపు లేదు.

గేటు దగ్గర సంతకం చేసిన ఫారం చూపిస్తారని తెలుసు. మొహం చూపించడానికి ఒప్పుకున్నాం, వినకముందే ఒక జోకుకు నవ్వినట్టు చూపించమని ఎవరు రాసిచ్చారు? 1950లలో అమెరికాలో ఛార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు టీవీ షోల కోసం ఒక పెట్టెలోంచి రికార్డు చేసిన నవ్వులు వదిలేవాడు. వాటికి మొహాల్లేవు, ఇరుగుపొరుగు అసలే లేరు. నవ్వులు చాలకపోతే మీరూ అదే వాడుకోండి.

కావాలని చూపే అబద్ధాలు, అర్ధసత్యాలు కూడదని కేబుల్ టీవీ ప్రోగ్రామ్ కోడ్ చెబుతోంది. 2021 సవరణ ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో, మీ నిర్ణయం 15 రోజుల్లో తెలపాలి. ఉచిత పాసు అంటూనే మనిషికి 150 రూపాయల బుకింగ్ ఛార్జీ తీసుకున్నారు కాబట్టి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దగ్గర "ఉచిత సేవ" అని తప్పించుకోవడం కుదరదు. అవసరమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను.

ఆ షాట్‌ను పునఃప్రసారంలోనూ, యూట్యూబ్ క్లిప్పులోనూ తీసేయండి. ఆయన మొహం పక్కన ఏడుపు నవ్వు బొమ్మ అతికించిన థంబ్‌నెయిల్ మాత్రం ఈరోజే మార్చండి. తర్వాతి ఎపిసోడ్‌లో, ఆ నవ్వు ఆ జోకుకు వచ్చింది కాదని ఒక్క ముక్క చెప్పించండి. జవాబు తెలుగులో, కాస్త పెద్ద అక్షరాల్లో రాయండి. మామగారు తానే చదివి పక్కింటావిడకు చూపించాలట.

ఇట్లు,
మీ ప్రేక్షకురాలు,
వేళచ్చేరి, చెన్నై