కొత్త షెడ్డు ఆలస్యం, నూనె ధర, ఒక మినహాయింపు సంగతి

మా గానుగ నూనె వాడే అందరికీ నమస్కారం. దసరాకల్లా కొత్త షెడ్డులో నూనె ఆడిస్తామని చెప్పాను. సంక్రాంతి లోపు కుదిరేలా లేదు. గానుగలు వచ్చి కూర్చున్నాయి, రావాల్సినవి కాగితాలే.

షెడ్డు వేసింది మా నాన్నగారి మెట్ట చేలో, పది గుంటల్లో. తెలంగాణలో సాగుభూమిని వేరే పనికి వాడాలంటే 2006 నాటి భూమార్పిడి చట్టం (అందరూ నాలా అనేది) ప్రకారం రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి. లేకపోతే రుసుముతో పాటు అందులో సగం జరిమానా. అదే చట్టంలో ఒక మినహాయింపూ ఉంది: యజమాని తన భూమిలో, ఎకరం మించకుండా, సంప్రదాయ వృత్తికి సంబంధించిన ఇంటి పరిశ్రమ పెట్టుకుంటే ఈ చట్టం వర్తించదు. చదివితే మా కోసమే రాశారనిపిస్తుంది.

తాతగారు ఎద్దుతో తిప్పిన గానుగ సంప్రదాయమే. అదే చెక్క రోకలికి మోటారు తగిలిస్తే? ఒకరు అవునన్నారు, ఇంకొకరు కాదన్నారు. పాసుపుస్తకం నాన్నగారిది, వ్యాపారం నాది. మరి యజమాని ఎవరు? పోనీ, మినహాయింపు మాకు వర్తిస్తుందనే అనుకుందాం. వర్తిస్తుందని రాసిచ్చేవారు లేరు. అప్పు కోసం వెళితే బ్యాంకులో, మీటరు కోసం వెళితే కరెంటు ఆఫీసులో భూమార్పిడి ఉత్తర్వు చూపమన్నారు. మినహాయింపు ఉందని నోటితో చెబితే ఎక్కడా చెల్లలేదు. చివరికి రుసుము కట్టేసి ఉత్తర్వు కోసం చూస్తున్నాను.

2025లో పక్కన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చట్టాన్నే ఎత్తివేయాలని నిర్ణయించింది. నేనంత దూరం వెళ్లను. ఊరి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతుంటే ఏదో ఒక అడ్డు ఉండాలి. ఎన్ని గుంటలు, మోటారు ఎన్ని హార్స్‌పవర్, పనివాళ్లు ఎందరు అన్నవి తేల్చి రాసి, ఆ లోపు ఉన్నవారికి తహసీల్దారు కార్యాలయం ఒక ధ్రువపత్రం ఇస్తే చాలు.

ఇక ధర. నువ్వుల నూనె లీటరుకు ఇరవై రూపాయలు పెంచుతున్నాను. నెపం నాలా మీదకు నెట్టను. పెంపులో ఎక్కువ భాగం నువ్వుల రేటుదే. పాత షెడ్డులో ఒక్క గానుగే ఆడుతోంది, మడ్డి తేరడానికి డబ్బాలు పెట్టే చోటూ లేదు. అందుకే ముందుగా చెప్పినవారికే నువ్వుల నూనె. పల్లి నూనెకు ఇబ్బంది లేదు. తెలగపిండి తీసుకెళ్లే పాడి రైతులు ఎప్పటిలాగే రావచ్చు, దాని ధర పెంచలేదు.