సుఖాంతమని తెలిసీ ఎందుకు చదువుతానంటే

ఒసేయ్ పిల్లా,

ఎలా ఉన్నావ్? నీ ఉత్తరం చదివినప్పట్నుంచీ మనసులో నీతో పోట్లాడుతూనే ఉన్నాను. "చివరికి ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోయే కథని అన్నేసి పేజీలు ఎందుకు చదువుతావే?" అని అడిగావు కదా. అప్పుడే ఏదో ఒకటి రాసి పంపేదాన్నే. ఈలోపు సరిగ్గా ఆ ప్రశ్న మీదే నడిచే నవల ఒకటి చేతికొచ్చింది. ఎమిలీ హెన్రీ రాసిన ‘బీచ్ రీడ్’. నిన్న రాత్రి అయిపోయింది. ఇక ఆగలేక కూర్చున్నాను. కథంతా చెప్పేస్తాను, ముందే చెబుతున్నా. ఎలాగూ ముగింపు తెలిస్తే చదవనంటావుగా, నేను చెప్పాక కూడా చదవాలనిపిస్తుందో లేదో చూద్దాం.

2020లో వచ్చిందీ పుస్తకం. అంతకుముందు ఆవిడ టీనేజ్ పిల్లల కోసం నవలలు రాసేది, పెద్దవాళ్ల కోసం రాసిన మొదటి రొమాన్స్ ఇదే. పేరూ, ఎండలో మెరిసిపోయే ఆ పసుప్పచ్చ అట్టా చూసి హాయిగా నవ్వుకునే కథ అనుకుంటాం. నవ్వులకేం కొదవ లేదు. కానీ మొదటి అధ్యాయం నుంచే ఒక చావు ఉంటుంది లోపల, చివరిదాకా అది మనల్ని వదలదు.

జనవరి ఆండ్రూస్ అని ఒకమ్మాయి. ఇరవై తొమ్మిదేళ్లది. రొమాన్స్ నవలలు రాసి బతుకుతుంటుంది. వాళ్ల అమ్మకి కేన్సర్ వచ్చినప్పుడు నాన్న దగ్గరుండి ఆవిణ్ణి చూసుకున్న తీరు, ఆ ఇద్దరి అన్యోన్యం, అదంతా కళ్లారా చూస్తూ పెరిగింది కాబట్టే ప్రేమ మీద ఆ పిల్లకి అంత గురి. ఆ నాన్న చనిపోతాడు. అంత్యక్రియల దగ్గరికి సోన్యా అనే ఆవిడ వచ్చి ఒక ఇంటి తాళంచెవీ, నాన్న రాసిన ఒక ఉత్తరమూ చేతిలో పెడుతుంది. నాన్నకి ఆ సోన్యాతోనే సంబంధం ఉంది! పైగా ఆ సంగతి అమ్మకి ముందే తెలుసు! ఇక ఊహించుకో. నాన్న పోయిన దుఃఖం ఒక పక్క, నాన్న మీద కోపం ఒక పక్క. ఏడుద్దామంటే కోపం అడ్డొస్తుంది, తిడదామంటే ఎదురుగా మనిషి లేడు. అడుగుదామంటే అమ్మ నోరు విప్పదు. ఆ ఉత్తరం తెరవడానికి చెయ్యి రాదు.

ఈలోపు ప్రేమించినవాడు వెళ్లిపోయాడు, చేతిలో డబ్బుల్లేవు, ప్రచురణకర్తకి ఇవ్వాల్సిన నవల ఒక్క పేజీ కదలడం లేదు. ప్రేమ మీద నమ్మకం పోయాక ప్రేమ కథ ఎలా రాస్తుంది? మిషిగన్ సరస్సు ఒడ్డున నార్త్ బేర్ షోర్స్ అనే ఊళ్లో, నాన్న వదిలివెళ్లిన ఆ ఇంట్లోనే వేసవంతా ఉండి, నవల పూర్తి చేసి, ఇల్లు అమ్మేద్దామని వస్తుంది. ఊరు కల్పితమేలే, సరస్సు మాత్రం నిజం.

పక్కింట్లో ఎవరుంటారనుకున్నావ్? అగస్టస్ ఎవరెట్, అందరూ గస్ అంటారు. కాలేజీలో ఇద్దరూ రచనా తరగతిలో కలిసి కూర్చున్నవాళ్లే. ఇప్పుడు అతను గంభీరమైన నవలలు రాసే పేరున్న రచయిత. సుఖాంతాల్ని నమ్మడు. తన కథల్ని చూసి అప్పట్లో వెక్కిరించేవాడని జనవరికి లోపల ఇప్పటికీ మంటే. తీరా చూస్తే అతనికీ కలం కదలడం లేదు. అందుకని పందెం వేసుకుంటారు: ఈ వేసవిలో అతను సుఖాంతమైన ప్రేమకథ రాయాలి, ఆమె అతని తరహా గంభీరమైన నవల రాయాలి, ఎవరి పుస్తకం ముందు అమ్ముడైతే వాళ్లు గెలిచినట్టు.

నాకు బాగా నచ్చిన చోటు చెప్పనా? రెండిళ్ల వంటగది కిటికీలూ ఎదురెదురుగా ఉంటాయి. ఇద్దరూ బల్లల ముందు లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. తల ఎత్తితే అవతలివాళ్ల అవస్థ కనిపిస్తుంది. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి అద్దానికి ఆనించి చూపించుకోవడం మొదలెడతారు. మొదట్లో అన్నీ దెప్పిపొడుపులే. రాను రాను "ఎంతవరకొచ్చింది?" అన్న వాకబు, తర్వాత్తర్వాత ఊరికే పలకరింపు. ఒక మనిషి రాయలేక తల పట్టుకుని కూర్చోవడాన్ని రోజూ చూస్తే ఆ మనిషి మీద ఎంతకాలమని కోపం పెట్టుకోగలవు చెప్పు? ప్రేమ అక్కడ మొదలైందంటాను నేను. ముద్దులూ ముచ్చట్లూ చాలా తర్వాత వస్తాయి. అవీ బాగానే ఉన్నాయి, పడగ్గది తలుపు మూసెయ్యదు రచయిత్రి, అది కూడా చెప్పేస్తున్నా, తర్వాత నన్ననకు.

పందెంలో భాగంగా ఒకరి పని ఒకరికి నేర్పుతారు. జనవరి అతన్ని ప్రేమకథలో జంట తిరిగే చోట్లకి తిప్పుతుంది, జాతర లాంటి కార్నివాల్‌కీ, కార్లో కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్‌కీ. అతనేమో తన నవల కోసం పరిశోధిస్తున్న విషయం దగ్గరికి తీసుకెళతాడు. ఒక కల్ట్, అంటే ఒక నాయకుణ్ణి గుడ్డిగా నమ్మి వెంట నడిచే గుంపు. అందులో చిక్కుకుని మనుషులు తగలబడిపోయారు. దాంట్లోంచి బయటపడ్డవాళ్లతో, అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడటమే అతని పని. జనవరి పక్కన కూర్చుని వింటుంది. ఆ మాటలు వింటున్నప్పుడు గస్ ఎంత నెమ్మదిగా, ఎంత ఒద్దికగా ఉంటాడో గమనిస్తుంది. ఎదుటివాళ్లని తొందర పెట్టడు, ఓదార్పు పేరుతో మాట మధ్యలో తుంచడు. అతని మీద మనకి గౌరవం కలిగేది ఆ ఘట్టంలోనే.

మనం చిన్నప్పుడు సీరియళ్లలో చదివిన హీరోలు గుర్తున్నారా? ఆరడుగుల పొడవు, పెద్ద కారు, కనుబొమలు ముడేస్తే చాలు హీరోయిన్ గుండె ఝల్లుమనేది. గస్ అలాంటివాడు కాడు. తండ్రి చేతిలో దెబ్బలు తిన్న ఇంట్లో పెరిగాడు, అన్నీ భరిస్తూ తల్లి అక్కడే ఉండిపోవడం చూశాడు. సుఖాంతాల్ని అతను ఎందుకు నమ్మడో అప్పటికిగానీ అర్థం కాదు. పొగరనుకున్నదంతా భయం. తనలాంటివాడి వల్ల ఎదుటిమనిషి బతుకు పాడవుతుందన్న భయం. కాలేజీ రోజుల్లో జనవరి రాసినవన్నీ ఇష్టంగా చదివింది కూడా ఇతనేనట!

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. అపరాధ పరిశోధన నవలలు నువ్వు వరసపెట్టి చదువుతావు. హంతకుడు చివరికి దొరుకుతాడని నీకు తెలీదా? తెలిసే చదువుతావు. ఎలా దొరుకుతాడన్నదే నీకు కావాలి. నాదీ అంతే. అమెరికాలో ‘రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా’ అని ఒక సంఘం ఉంది, 1980లో పెట్టారు. రొమాన్స్ నవల అనిపించుకోవాలంటే రెండుండాలంటారు వాళ్లు: కథకి ప్రేమే కేంద్రం కావాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. అంతే. మిగతాదంతా రచయిత ఇష్టం. ఆ రెండో నియమాన్నే కదా నువ్వు చులకన చేసేది? నాకు మాత్రం అది రచయిత నాకిచ్చే మాట. ఎంత చీకట్లోకి తీసుకెళ్లినా మళ్లీ బయటికి తెస్తానని ముందే చెయ్యి పట్టుకుని చెబుతుంది. ఆ మాట ఉంది కాబట్టే తండ్రి ద్రోహం, తల్లి కేన్సర్, కల్ట్‌లో కాలిపోయిన మనుషులు, దెబ్బలు తిన్న బాల్యం, ఇన్ని బరువుల్ని ఒక్క పుస్తకంలో మోయగలిగాను. ఆ భరోసా లేకపోతే సగంలోనే మూసేసేదాన్ని.

ఇంకో సంగతి. జనవరి ఒకచోట గస్ మీద మండిపడుతుంది: నేను రాసిన కథలోనే ఆడవాళ్ల బదులు మగవాళ్లని పెట్టి ఉంటే మీరంతా దాన్ని మామూలు సాహిత్యం అనేవాళ్లు, ఆడవాళ్ల గురించి రాశానని పక్కకి నెట్టేశారు అని. చదువుతూ చదువుతూ "అద్దీ!" అని పైకే అనేశాను. ఒక మగాడి ఒంటరితనం గురించి రాస్తే లోతు, ఒక ఆడపిల్ల తోడు కోరుకోవడం గురించి రాస్తే కాలక్షేపమా? ఈ కొలతలు ఎవరు పెట్టారే? నువ్వు కూడా నీ ఉత్తరంలో "ఆ టైప్ పుస్తకాలు" అన్నావు. నాకు కష్టంగా అనిపించింది, దాచుకోను.

అలాగని అంతా మెచ్చుకోలే అనుకోకు. చివర్లో గస్ మాజీ భార్య తిరిగొస్తుంది. జనవరి ఏదో ఊహించుకుని కుమిలిపోతుంది. అంతకుముందు దాకా ఎంత కష్టమైన విషయమైనా కూర్చుని మాట్లాడుకున్న ఇద్దరు మనుషులు హఠాత్తుగా ఒక్క మాట అడగలేకపోవడమేంటి? చివర్లో ఒక ఎడబాటు ఉండాలి కాబట్టి పెట్టినట్టుంది. విసుగొచ్చి ఆ పేజీలు గబగబా తిప్పేశాను.

నన్ను అసలు నిద్రపోనివ్వనిది మాత్రం ఆ నాన్న వ్యవహారం. జనవరి చివరికి ఆ ఉత్తరం తెరుస్తుంది. తర్వాత తెలుస్తుంది, ఆయన కూతురి ప్రతి పుట్టినరోజుకీ ఒక ఉత్తరం రాసి దాచిపెట్టాడని. ఒక్కోటీ చదువుతుంటే చిన్నప్పటి నాన్న, తప్పు చేసిన నాన్న, ఆ తప్పు దాచలేకా చెప్పలేకా నలిగిన నాన్న, ముగ్గురూ ఒక్క మనిషే అని ఆ పిల్లకి మెల్లగా తెలుస్తుంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాననుకో. ఏడ్చి, కళ్లు తుడుచుకున్నాక కోపమొచ్చింది. పోయినాయనకి అన్ని ఉత్తరాల్లో అంత చోటిచ్చారు, బతికున్న అమ్మకి ఏమిచ్చారు? జబ్బు పడ్డది ఆవిడ, భర్త చేసింది తెలిసీ అతనితో కాపురం చేసింది ఆవిడ. ఆ రోజులు ఎలా గడిచాయో, ఎందుకు క్షమించిందో, అసలు క్షమించిందో లేదో ఆవిడ నోటివెంట ఇంకా వినాలనిపించింది నాకు. ఆ మాటకొస్తే సోన్యాకి దొరికిన జాలి కూడా ఆవిడకి దొరకలేదేమో అనిపించింది. సోన్యాని మాత్రం బాగా రాసింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంకొకరైతే ఆవిణ్ణి రాక్షసిని చేసి వదిలేసేవాళ్లు. ఇక్కడ ఆవిడా ఎదురుగా నిలబడి తడబడే మామూలు మనిషే, తిడదామన్నా నోరు రాదు.

ఎమిలీ హెన్రీకి కూడా రాయడానికేమీ తోచని రోజుల్లో ఈ పుస్తకం పుట్టిందట. తోటి రచయితలకి చెప్పాల్సొస్తే, ఇది రాయలేకపోవడం గురించిన నవల అని చెబుతానని ఆవిడే అంది. అందుకేనేమో ఆ బల్ల ముందు కూర్చునే ఘట్టాలు అంత నిజంగా ఉన్నాయి. రాయలేకపోవడానికీ నమ్మలేకపోవడానికీ ఉన్న లంకె ఈ పుస్తకం దొరకబుచ్చుకుంది. జనవరి రాయాల్సిన గంభీరమైన నవల ఒక సర్కస్ కుటుంబం కథగా మొదలవుతుంది, ఎంత చీకటిగా రాద్దామనుకున్నా ఎక్కడో ఒక వెలుగు దూరిపోతూనే ఉంటుంది. నాన్న మోసం చేశాడు, నిజమే. నాన్న ప్రేమించాడు, అదీ నిజమే. రెంటినీ ఒకే వాక్యంలో రాయగలిగిన రోజున ఆ పిల్ల మళ్లీ రచయిత్రి అయింది. గస్ దొరకడం కన్నా నాకు అదే పెద్ద సుఖాంతం.

సరే, చాలా రాసేశాను. కథంతా తెలిసిపోయింది కదా, ఇక నీకే సాకూ లేదు. పుస్తకం పంపిస్తున్నాను, చదువు. చదివాక ఆ అమ్మ విషయంలో నువ్వు ఎవరి పక్షమో రాయి. ఆవిడ కూతురితో మాట్లాడకపోవడం పౌరుషమంటావా, పిరికితనమంటావా? నేనింకా తేల్చుకోలేకపోతున్నా. ఈసారి మాత్రం రెండు లైన్ల జవాబు పంపావంటే ఊరుకోను.

నీ
పుస్తకాల పురుగు