పర్లాకిమిడి దగ్గర మా రైలు దారిని తెంచకండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగూ ఒడియా, సంతలోకి వెళితే వాటితో పాటు కొండల్లోని గిరిజనుల సవర భాష కూడా వినిపిస్తుంది. మీరు ఒడిశా కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేశారు. ఇప్పుడు ఈ రాష్ట్రం నుంచే రాజ్యసభలో ఉన్నారు. సరిహద్దు ఊళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసనే ధైర్యంతోనే ఈ ఉత్తరం.

2025 ఫిబ్రవరిలో కేంద్ర క్యాబినెట్ విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్ విభజనకు ఆమోదం తెలిపింది. దాని ప్రకారం మా దారిలో ఆంధ్రలోని నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు విశాఖపట్నం డివిజన్, అంటే దక్షిణ కోస్తా రైల్వే జోన్. పర్లాకిమిడి నుంచి ఒడిశాలోని గుణుపురం వరకు రాయగడ డివిజన్, అంటే తూర్పు కోస్తా రైల్వే జోన్. మొత్తం కలిపి 90 కిలోమీటర్ల దారి. అది సరిగ్గా మా స్టేషన్ దగ్గర రెండు జోన్ల మధ్య తెగుతోంది. అదే స్టేషన్ స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకం జాబితాలో కూడా ఉంది. కొత్త భవనం వస్తుందంటే సంతోషమే. కానీ ఆ భవనానికి అటొకరు ఇటొకరు యజమానులైతే, మధ్యలో మా పని ఎవరు చూస్తారన్నదే మా టెన్షన్.

ఈ దారి పుట్టుక ఒకసారి గుర్తు చేయనివ్వండి. కలకత్తా, మద్రాసుల మధ్య మెయిన్ లైన్ నౌపడా మీదుగా వెళ్లింది గానీ మా ఊరికి రాలేదు. అప్పటి పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి ఎవరో వచ్చి వేస్తారని కూర్చోలేదు. దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చుతో, రెండడుగుల ఆరంగుళాల వెడల్పు పట్టాల మీద 40 కిలోమీటర్ల చిన్న రైలు దారి వేయించారు. 1900 ఏప్రిల్ 1న అది మొదలైంది. తొలి ఏళ్లలో నష్టాలే. అయినా మూసెయ్యలేదు. తర్వాత ఆదాయం పెరిగాక 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. నౌపడా ఉప్పు కొండ మీదికి, కొండ చింతపండు కిందికి ఈ రైల్లోనే వెళ్లేవని మా పెద్దలు చెప్పేవారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. రైలు మొదలైన తేదీనే, 36 ఏళ్ల తర్వాత. పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, టెక్కలి, పాతపట్నం అటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. 1880 నుంచి ఇక్కడ పంతులుగా ఉండి, సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడాదే ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగువాళ్లకు అది ఇప్పటికీ బాధ కలిగించే విషయమే. రాష్ట్రాల హద్దు మారినా రైలు మాత్రం మారలేదు. నౌపడాలో ఎక్కినవాడు ఆంధ్రలోంచి ఒడిశాలోకి ఎప్పుడొచ్చాడో చూసుకోకుండానే గుణుపురంలో దిగేవాడు.

పట్టాలను వెడల్పు చేసి బ్రాడ్‌గేజ్‌గా మార్చడానికి 2004లో చిన్న రైలు ఆగింది. బ్రాడ్‌గేజ్ పట్టాల మీద గుణుపురం దాకా మళ్లీ రైలు నడిచింది 2011లోనే. ఆ ఏళ్లలో ఇక్కడి జనానికి బస్సే గతి. ఇప్పుడు విశాఖపట్నం ప్యాసింజర్, పూరీ రైలు, రౌర్కెలా వెళ్లే రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. పాతపట్నం వైపు నుంచి వచ్చే విద్యార్థులు, విశాఖ పెద్దాసుపత్రులకు వెళ్లే రోగులు, గుణుపురం సంతకు వెళ్లే చిన్న వ్యాపారులు, వీళ్లలో ఎవరి ప్రయాణమూ పర్లాకిమిడితో మొదలై పర్లాకిమిడితో ఆగదు.

పైగా గుణుపురం నుంచి రాయగడ వైపు ఉన్న తెరుబలి వరకు 73 కిలోమీటర్లకు పైగా కొత్త లైనుకు 2024 ఆగస్టులో మీ ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే మాది చివర ఆగిపోయే దారి కాదు, తీరం నుంచి రాయగడకు నేరుగా పోయే దారి అవుతుంది. అంత విలువ రాబోతున్న సమయంలోనే మధ్యలో గీత గీయడం నాకు సరైన నిర్ణయంగా కనిపించడం లేదు. నౌపడా నుంచి తెరుబలి దాకా ఒకే డివిజన్ చేతిలో పెట్టండి. ఏ డివిజన్ అన్నది మాకు పట్టింపు లేదు. విశాఖ అయినా సరే, రాయగడ అయినా సరే. అది కుదరదంటే, కనీసం పర్లాకిమిడి స్టేషన్ పూర్తి బాధ్యత ఒక్క అధికారికే అప్పగించి, ఈ దారిలో రైళ్లు జోన్ హద్దు పేరుతో ఇక్కడ ఆగిపోవని రాతపూర్వకంగా చెప్పండి.

ఇక కొత్త భవనం సంగతి. అద్దాల గోడలు, ఎస్కలేటర్లు వేసి, ఎక్కడైనా ఉండే స్టేషన్‌లా దీన్నీ చేయకండి. చిన్న రైలు చరిత్రకు ఇక్కడ ఒక గది కావాలి. ఆ దారిలో నడిచిన పాత ఇంజిన్లు కొన్ని ఇతర ఊళ్లలో ప్రదర్శనకు ఉన్నాయి. అందులో ఒక్కటైనా పుట్టింటికి తిప్పి పంపించండి. టికెట్ కౌంటర్ దగ్గర, ప్రకటనల్లో ఒడియా, హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగూ ఉండాలి. సవర భాషకూ చోటివ్వాలి. కొండ దిగి వచ్చే సవర ముసలమ్మకు తన రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తన మాటలో వినిపించడం స్టేషన్ కనీస పని అని నేను నమ్ముతాను. ‘ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి’ స్టాల్‌లో మా ఊళ్లో పశువుల కొమ్ములతో చేసే బొమ్మలు, సవర చిత్రాలు పెడితే, వాటిని చేసేవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి.

పనులు ముందుకు వెళ్లక ముందే రెండు డివిజన్ల అధికారులను ఒకే రోజు పర్లాకిమిడి పంపించండి. భవనం నమూనా స్టేషన్‌లో అందరికీ కనపడేలా పెట్టించండి. పాతపట్నం, కాశీనగర్, గుణుపురం ప్రయాణికులను కూడా పిలిచి వాళ్ల మాట వినండి. తేదీ చెబితే మేమంతా వస్తాం.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు ప్రయాణికుడు