ఒరేయ్ శ్రుతిపెట్టె, ఇది విను

ఒరేయ్ శ్రుతిపెట్టె,

నీ ఉత్తరానికి మూడు నెలలుగా జవాబు లేదు. తిట్టు, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. నా ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

ఎరిక్ విటేకర్ అని అమెరికాలో ఒక స్వరకర్త. కోయిర్‌ల (అంటే కలిసి పాడే బృందాల) కోసం పాటలు కడతాడు, తనే నడిపిస్తాడు. కాలేజీలో చేరేనాటికి నొటేషన్ చదవడమే రాదట! పాప్ స్టార్ అవుదామనుకుంటున్నవాణ్ణి ఎవరో కోయిర్‌లోకి లాక్కెళ్లారు. అమ్మాయిలు ఎక్కువుంటారనే వెళ్లాడు. (నవ్వకు. నువ్వెందుకు చేరావో నాకు తెలీదా?) మొదటిరోజే మొజార్ట్ రెక్వియమ్ (చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన) పాడించారు, పిల్లాడు దానికి పడిపోయాడు. తర్వాత జూలియార్డ్‌లో సంగీతం చదువు, 2012లో గ్రామీ... అదంతా అటుంచు.

రెండు రోజులుగా నన్ను పట్టుకుని వదలనిది ఒక్క పాట. ఒకావిడ చనిపోయిన తన అమ్మానాన్నల జ్ఞాపకంగా ఏదైనా కట్టమని అడిగింది. వాళ్లకి ఇష్టమైన కవిత రాబర్ట్ ఫ్రాస్ట్‌ది, మంచు కురిసే అడవి దగ్గర ఆగినవాడిది. ఇతను కట్టేశాడు, 2000లో పాడించేశాడు కూడా. అప్పుడు తెలిసింది, ఫ్రాస్ట్ హక్కుదారులు ఒప్పుకోరని! తప్పు ఇతనిదే అంటాను నేను. అనుమతి చేతికి రాకుండా కట్టడమేమిటి? కానీ పాట చచ్చిపోతుందంటే నాకే కడుపులో తిప్పింది.

అప్పుడేం చేశాడో తెలుసా? స్నేహితుడు చార్లెస్ ఆంటొనీ సిల్వెస్ట్రీని పిలిచి, ఉన్న బాణీకి కొత్త మాటలు రాయమన్నాడు. మన సినిమాల్లో రోజూ జరిగేదేగా అంటావు. కాదురా, ఇక్కడ ఒక్క అక్షరం ఎక్కువైనా ఇన్ని గొంతుల అల్లిక మొత్తం ఊడుతుంది. పైగా ఫ్రాస్ట్ చివరి మాట ‘స్లీప్’ మాత్రం ఉండి తీరాలి. ఎందుకంటే చివర్లో గొంతులన్నీ ఆ ఒక్క మాటనే అంటూ అంటూ సన్నబడిపోతాయి. ఎప్పుడు ఆగిందో తెలీదు. నేను మూడుసార్లు వాల్యూమ్ పెంచి చూశాను, అయిపోయిందా లేదా అని. ఆ పాట పేరే ‘స్లీప్’ అయింది. ఫ్రాస్ట్ కవిత 2019 జనవరిలో హక్కుల చెర విడిచి బయటికొచ్చిందనుకో, అది వేరే కథ.

ఇంకోటి. ఒకమ్మాయి ఇదే పాటలో సొప్రానో (ఆడవాళ్ల పైస్థాయి) గొంతు ఒక్కటే పాడుకుని వీడియో పెట్టింది. అది చూసి ఇతనికి ఆలోచన. ఎవరింట్లో వాళ్లు పాడి పంపితే కలిపేద్దామని! 2010లో వేరే పాటతో మొదలెట్టాడు, 12 దేశాలు, 185 మంది. వాళ్ల కోసం చేతులు ఊపుతూ వీడియో తీసుకున్నాడు చూడు, గదిలో చప్పుడు లేదు, ఎదురుగా మనిషి లేడు. పాట తన బుర్రలోనే. మరుసటి ఏడాది ‘స్లీప్’కి 58 దేశాల నుంచి రెండు వేలకి పైగా గొంతులు.

మనిద్దర్నీ మూడో వరసలో నిలబెట్టి ‘పెదాలు కదపండి చాలు’ అన్నరోజు గుర్తొచ్చింది. ఆరోజు నువ్వు సైకిలెక్కకుండా... సరే, వదిలెయ్.

కింద హారన్ కొడుతున్నారు, వెళ్లాలి. నువ్వు బేస్ (కింది స్థాయి గొంతు) పాడి పంపు, నా గొంతు నేను కలుపుతాను. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపు, పోయినసారిలా